మామా అల్లుళ్లు పంచుకున్న యువరాజు

ఆ చాప ఇటు లాక్కొని దగ్గరగా కూర్చోండి. గోడకు ఆనుకుంటే నిద్రొస్తుంది, ఆనుకోవద్దు. చేతులు ఊరికే ఉంచుకోవడమెందుకు, ఈ చింతపండులో గింజలు తీస్తూ వినండి. నేను చెప్పేది అయ్యేసరికి గంప ఖాళీ అవుతుంది, మీకూ ఒక సంగతి మిగులుతుంది.

నేను ముప్పై ఏళ్లు నాటకాల్లో ఆడవేషాలు కట్టాను. ఇంట్లో పెట్టిన పేరు కుప్పమ్మ. ఆ పేరు మైకులో చెబితే ఎవరూ రారని నాకు ఆట నేర్పిన మా వాద్యారు కుముదిని అని మార్చాడు. చదువు మూడో తరగతి. అక్షరాలు కూడబలుక్కొని చదువుతాను గానీ, ఒక పద్యం రెండుసార్లు వింటే మాత్రం చచ్చేదాకా పోదు. ఇప్పుడు ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు తిరుపతిలో మా ఇంటికి వచ్చి, "అవ్వా, ఎట్లా నేర్చుకోవాలి?" అని అడుగుతుంటారు. వాళ్లకోసం ఇది. శాలువాల సంగతి, సన్మానాల సంగతి చెప్పను. అవి పెట్టెలో పురుగు పట్టి ఉన్నాయి.

పని అంటే ఇది

మా చిత్తూరు పక్క పల్లెల్లో నాటకం ఎట్లా ఆడేవారో ముందు తెలియాలి. జాతరకు మూడు నెలల ముందు ఊరివాళ్లు ఒక హార్మోనీ వాద్యారును పిలిపించుకుంటారు. ఆయన ఊళ్లోనే ఉండి మగవాళ్లకు పద్యాలు నేర్పుతాడు. పగలు మడక దున్నేవాడు రాత్రి సేనాపతి. అంగట్లో ఉప్పు కొలిచేవాడు మంత్రి. వాళ్లంతా ఊరివాళ్లే. ఆడవేషానికి మాత్రం తిరుపతి నుంచో చిత్తూరు నుంచో మాలాంటివాళ్లను పిలుస్తారు. నాటకం రోజు పొద్దున బస్సు దిగుతాం. అంతకుముందు ముఖం కూడా చూడని మనిషి పక్కన పెళ్లిపీట మీద కూర్చుంటాం. అతనికోసం ఏడుస్తాం, పిచ్చెక్కి తిరుగుతాం, మర్నాడు మళ్లీ బస్సెక్కుతాం. అతని పేరు కూడా చాలాసార్లు తెలియదు.

ఇంకో పద్ధతి ఉంది. ఊళ్లో నాయకుడి వేషం అందరికీ కావాలి. ఎవరికి కాదన్నా ఆ ఇంటివాళ్లు నాటకానికే రారు. అందుకని ఒక వేషాన్ని ఇద్దరికో ముగ్గురికో పంచుతారు. మొదటి రాజు పొడుగ్గా ఉంటాడు, రెండో రాజు పొట్టిగా ఉంటాడు, మూడో రాజుకు పళ్లుండవు. చూసేవాళ్లు ఏమీ అనుకోరు. నేనూ ఏమీ అనుకునేదాన్ని కాదు.

కొత్తలో కాణిపాకం దగ్గర ఒక ఊళ్లో ఒక తప్పు చేశాను. మొదటి రాజు బాగా పాడాడు, "బలే ఉండాది అన్నా మీ గొంతు" అన్నాను. రెండో రాజు తెర వెనక నిలబడి విన్నాడు. తన వంతు రాగానే ఒక పద్యాన్ని పట్టుకొని వదల్లేదు. నేను ఆయన కాళ్ల దగ్గర మూర్ఛపోయి పడి ఉండాల్సిన ఘట్టం. పడి ఉన్నాను, ఉన్నాను, నిజంగానే నిద్రపోయాను. వాద్యారు గజ్జెలు విసిరి లేపాడు. అప్పటినుంచి ఎవరి గొంతునూ ఇంకొకరికి వినబడేలా పొగడలేదు.

మునెయ్య వాద్యారు

నాకు పని నేర్పింది హార్మోనీ మునెయ్య వాద్యారు. బక్కపలచటి మనిషి. నోట్లో ఎప్పుడూ వక్క. ఒక చేత్తో హార్మోనీ తిత్తి ఊదుతూ, ఇంకో చేత్తో వాయిస్తూ, కళ్లతోనే అందరినీ నడిపించేవాడు. మెచ్చుకోవడం తెలియదు. బాగా పాడితే, "ఊఁ, పోయి నీళ్లు తాగు" అనేవాడు. బాగా పాడకపోతే నీళ్లు కూడా లేవు.

ఆయన చెప్పిన మొదటి మాట ఇది: "పాపా, ఊర్లో తగువు ఉంటే ఎవురింట్లోనూ అన్నం తినొద్దు. ఎవురి మాటా ఇంకొకరికి మొయ్యొద్దు. రాసింది పాడు, బస్సెక్కు."

ఆ మాట నిజంగా ఎంత కష్టమో బంగారుపాళ్యం పక్క పల్లెలో తెలిసింది. నా పనిలో నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క రోజులోనే ఉంది, అందుకని అదే చెబుతాను.

రెండు ఇండ్లు, రెండు టిఫిన్లు

ఎమర్జెన్సీ పోయిన తర్వాతి ఎండాకాలం. మామిడితోపుల మధ్య ఊరు. ఎగువిండ్లు, దిగువిండ్లు అని రెండు భాగాలు. ఎగువిండ్లకు పెద్ద చెంగల్రాయుడు. ఆయన చెల్లెలు సరోజమ్మను ఆ ఊళ్లోనే దిగువిండ్లకు ఇచ్చారు. సరోజమ్మ కొడుకు దొరస్వామి, చెంగల్రాయుడి కూతురు దేవకి. మేనరికం. పుట్టినప్పుడే అనుకున్న సంబంధం. తాంబూలాలకు మూడు రోజులు ఉందనగా, ఉమ్మడి బావిలో నీళ్ల వంతు దగ్గర చెంగల్రాయుడికీ ఆయన బావకూ మాటామాటా పెరిగింది. పారలు లేచాయి. ఇద్దరికి తలలు పగిలాయి. అప్పటినుంచి రెండేళ్లుగా ఊరు రెండు ముక్కలు. అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు.

జాతర మాత్రం ఒకటే, గంగమ్మ ఒకటే. నాటకం ఆడాల్సిందే. ఆడాల్సిన నాటకమేమో, చూడండి విడ్డూరం, అన్నదమ్ముల బిడ్డలు రాజ్యం కోసం రెండు సేనలుగా చీలిన కథ. ఒక పక్క యువరాజు, ఇంకో పక్క సేనాపతి కూతురు. పెళ్లి జరుగుతుండగా యుద్ధభేరి మోగుతుంది. తాళి కట్టకుండానే యువరాజు లేచిపోవాలి. ఆ పిల్ల సగం పోసిన తలంబ్రాల బియ్యాన్ని కొంగున కట్టుకొని పిచ్చిదై తిరుగుతుంది. చివరికి యువరాజును బంధించి తెస్తారు. శిక్ష వేయాల్సింది ఆ పిల్ల తండ్రి, సేనాపతి. ఆ పిల్ల ప్రాధేయపడుతుంది. సేనాపతి కత్తి కింద పెట్టి, "నా కూతురి చేతిని ఈ యువరాజు చేతిలో పెడుతున్నాను, రెండు కోటల తలుపులూ తెరవండి" అని పద్యం పాడతాడు. మంగళం.

యువరాజు వేషం ఎగువిండ్లకు కావాలి, దిగువిండ్లకూ కావాలి. వాద్యారు పంచాడు. పెళ్లిదాకా చెంగల్రాయుడు, యుద్ధం తర్వాత దొరస్వామి. యాభై ఏళ్ల మామ, ఇరవై నాలుగేళ్ల అల్లుడు, ఇద్దరూ ఒకే యువరాజు. ఇద్దరికీ పెళ్లికూతురిని నేను.

నన్ను ఎవరింట్లో దింపాలన్నది పంచాయితీ అయింది. చివరికి బడి వరండాలో దింపారు. పొద్దున ఎగువిండ్ల నుంచి ఇడ్లీలు వచ్చాయి. తిన్నాను. పావుగంటకు దిగువిండ్ల నుంచి ఇడ్లీలు వచ్చాయి. తెచ్చినామె నిలబడి, "ఆడ ఎన్ని తిన్నావు?" అని అడిగింది.

"ఐదు."

"అయితే ఈడా ఐదు తినల్ల."

తిన్నాను. ఇడ్లీలోకి ఇచ్చిన ఊరిబిండి బాగుందని రెండుచోట్లా ఒకే గొంతుతో చెప్పాను. ఈ పనిలో కడుపు కూడా ఎవరి పక్షమూ వహించకూడదు.

పట్టపగలు వెన్నెల

మా నాటకాలన్నీ రాత్రి మొదలై తెల్లారేదాకా సాగేవి. ఈ ఊరికి మాత్రం పోలీసు అధికారి ఒక షరతు పెట్టాడు. చీకట్లో తలలు పగిలితే ఎవరివో తెలియదు, కాబట్టి పగలే ఆడండి, పొద్దు గుంకేలోపు ముగించండి అన్నాడు. అట్లా నా జీవితంలో మొదటిసారి పొద్దున పది గంటలకు ముఖానికి రంగు వేసుకున్నాను.

నాకు జడ వేయడానికి వచ్చింది దేవకి. పంతొమ్మిదేళ్లు ఉంటాయి. మల్లెపూలు తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. చేతులు నెమ్మది, మాట ఇంకా నెమ్మది.

"అక్కా, మా నాయన పక్కన పెండ్లిపీట మీద కూర్చుంటావు గదా."

"ఊఁ."

"అప్పుడు చెయ్యి పట్టుకుంటాడు గదా."

"పట్టుకుంటాడు."

"అప్పుడు అడగరాదా?"

"ఏమని?"

"శుక్రవారం పలమనేరోళ్లు తాంబూలాలకు వస్తా ఉండారు. నన్ను ఆడికి ఇయ్యొద్దని."

నాకు వాద్యారు మాట గుర్తొచ్చింది. "అమ్మణ్ణీ, నేను రాసింది పాడి పోయేదాన్ని. అందులో పలమనేరు లేదు" అన్నాను. నవ్వుతుందేమోనని అన్నాను. నవ్వలేదు.

"సరేలే అక్కా. తల కదిలించొద్దు, పాపిడి వంకర పోతాది" అంది. జడ చివర కుచ్చులు కట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

వేషాలు కట్టినవాళ్లంతా గంగమ్మ ముందు పసుపుదారం కంకణం కట్టించుకోవాలి. ఆ ఊరికి ఒక పట్టింపు ఉంది. కంకణం చేతికి ఉండగా, అమ్మవారి ముందు అన్న మాట వేషంలో అన్నా సరే, మాటే. ముందటి ఏడు దానం చేసే రాజు వేషం కట్టినాయన తన పాలావును మంత్రికి ఇచ్చేస్తున్నానని రాగం తీసి పాడాడట. మర్నాడు పొద్దున్నే మంత్రి వేషగాడు పలుపుతాడు పట్టుకొని వాకిట్లో నిలబడ్డాడు. ఆవు పోయింది. ఊరంతా నవ్వింది, ఇప్పించింది కూడా.

నాటకం మొదలైంది. మామిడితోపులో పందిరి, పలకల స్టేజీ. ఎడమ పక్క ఎగువిండ్లు, కుడి పక్క దిగువిండ్లు, నడుమ తాడు, తాడు దగ్గర నలుగురు పోలీసులు. చెంగల్రాయుడు వచ్చాడు. మనిషి పెద్ద విగ్రహం, గొంతు ఇంకా పెద్దది. నిప్పులు చెరిగే ఎండలో నిలబడి, "ఈ పండువెన్నెలలో నీ ముఖం" అని నన్ను చూస్తూ పద్యం ఎత్తుకున్నాడు. జనం ఒకటే నవ్వు. ఆయనకేమీ పట్టలేదు. యుద్ధభేరి మోగింది. పీట మీదనుంచి లేస్తూ ఆయన కన్నీళ్లు పెట్టుకొని పాడాడు. ఏడుపు నటించేవాళ్లు నాకు తెలుసు. ఆయనది నిజం ఏడుపు. ప్రేమించినవాళ్లను తగువులు విడదీస్తాయని మైకులో గుండె పగిలేలా పాడుతున్నాడు. కూతురు ఆడవాళ్లలో మూడో వరుసలో కూర్చొని ఉంది.

తెర వెనక కిరీటం మార్చుకోవాలి. ఉన్నది ఒకటే కిరీటం. చెంగల్రాయుడు తీసి చేతిలో పట్టుకున్నాడు. దొరస్వామి చేయి చాపాడు.

"వాద్యారూ, నా చేత్తో ఇయ్యను."

"మామ చేత్తో ఇస్తే నేనూ తీసుకోను."

వాద్యారు వక్క ఉమ్మి నావైపు చూశాడు. నేను పిచ్చిదాని వేషానికి జుట్టు విరబోసుకుంటూ ఉన్నదాన్ని లేచి, ఆయన చేతిలోది తీసి ఈయన తల మీద పెట్టాను. దొరస్వామి తల చిన్నది. కిరీటం కళ్లదాకా జారింది. "తువ్వాలు మడిచి పెట్టుకో అప్పా" అన్నాను. లోపల తువ్వాలు పెట్టింది చెంగల్రాయుడే. ఎవరూ చూడలేదనుకొని పెట్టాడు. నేను చూశాను.

శెట్టి పడిపోయాడు

సేనాపతి వేషం అంగడి శెట్టిది. పొద్దుటినుంచి మఖమలు కోటు, ఉన్నిగడ్డం తగిలించుకొని కూర్చున్నాడు. మధ్యాహ్నం మూడు గంటలకు, తీర్పు ఘట్టం ముందర, "వాద్యారూ, నాకు మీరు ఇద్దరు కనబడతా ఉండారు" అని నెమ్మదిగా ఒరిగిపోయాడు. మజ్జిగ తాగించారు, విసిరారు. మనిషికి ఫరవాలేదు గానీ నిలబడలేడు.

సేనాపతి లేకపోతే తీర్పు లేదు, తీర్పు లేకపోతే మంగళం లేదు. జాతర నాటకం మంగళం పాడకుండా వదిలేస్తే ఊరికి చెరుపని ఆ ఊళ్లో పసిబిడ్డకు కూడా తెలుసు. పొద్దేమో దిగుతోంది. పోలీసు అధికారి గడియారం చూసుకుంటున్నాడు.

వాద్యారు అడిగాడు: "సేనాపతి పద్యాలు ఎవురికి వస్తాయప్పా?"

మూల కూర్చొని రంగు కడుక్కుంటున్న చెంగల్రాయుడు మెల్లిగా, "నాకు వస్తాయి" అన్నాడు.

మూడు నెలలుగా అందరి పద్యాలూ వింటూ అన్నీ పట్టేశాడు. స్టేజీ ఖాళీగా ఉంటే ఆయనకు కాళ్లు నిలవవు. గబగబా శెట్టి గడ్డం పీకి తనకు అతికించుకున్నాడు. పాడాలన్న ఆత్రంలో, ఏం పాడాల్సి వస్తుందో ఆలోచించలేదు. ఆ సంగతి నాకు తట్టింది, వాద్యారుకూ తట్టింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఎవరం నోరు తెరవలేదు.

ఆగిపోయిన పద్యం

చెంగల్రాయుడు సింహాసనం మీద కూర్చున్నాడు. ఎదుట దొరస్వామి చేతులు కట్టేసి ఉన్నాయి. నడుమ నేను, కొంగున తలంబ్రాల బియ్యం. నేను మూడుసార్లు ప్రాధేయపడాలి. మూడోసారికి సేనాపతి లేచి కత్తి కింద పెట్టాలి.

మూడుసార్లూ పాడాను. ఆయన లేచాడు, కత్తి కింద పెట్టాడు. నోరు తెరిచాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. ముంజేతి వైపు చూసుకున్నాడు. పసుపుదారం. ఎదుట గంగమ్మ. కిందికి చూశాడు, ఊరు ఊరంతా. నోరు మూసుకున్నాడు.

వాద్యారు మళ్లీ శ్రుతి ఎత్తాడు. చెంగల్రాయుడు కదల్లేదు. ఇంకోసారి ఎత్తాడు.

"వాద్యారూ," అన్నాడు ఆయన, మైకు ఉందని మరిచి, "ఈ పద్యం నేను పాడను."

కుడి పక్క దిగువిండ్లలో ఎవరో అరిచారు. "పద్యం రాదా, మాట రాదా?"

"మీ మొగానికి పద్యం ఒకటా!" అని ఎడమ పక్క నుంచి జవాబు. తాడు దగ్గర పోలీసులు లేచి నిలబడ్డారు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. అంతదాకా రాసింది తప్ప ఏమీ పాడనిదాన్ని, నాకు పూనకం లాంటిది వచ్చింది. ఈయన్ని నేనే కరిగిస్తాను అనుకున్నాను. పొద్దున ఆ పిల్లకు లేదన్నదాన్ని, ఇప్పుడు గొప్ప చేయబోయాను. ప్రాధేయపడే పద్యం నాలుగోసారి పాడాను, ఇంకో నాటకంలోది ఇంకొకటి ఎత్తుకున్నాను, దాని తర్వాత ఇంకొకటి. నాకు పద్యాలకేం కరువు? జనం ఈలలు, వన్స్ మోర్‌లు. తగువు మరిచారు, పోలీసులు కూడా కూర్చున్నారు. చప్పట్లు వినేకొద్దీ నా గొంతు లేచింది. ఆ గొప్పలో చెంగల్రాయుడి ముఖం చూడలేదు. చూసి ఉంటే తెలిసేది, ఆయన మీద బండరాళ్లు పేరుస్తున్నానని. నేను పాడేకొద్దీ ఆయన బిగుసుకుపోతున్నాడు. దవడ కదలడం లేదు.

ఉన్నట్టుండి హార్మోనీ ఆగింది.

వాద్యారు తిత్తి మీదనుంచి చేయి తీసేశాడు. నా ఇన్నేళ్లలో పద్యం నడుమ ఆయన చేయి తీయడం అదొక్కసారే. మెల్లిగా అన్నాడు: "గమ్మునుండు పాపా. ఆయన్ని ఊపిరి పీల్చుకోనీ."

ముఖం మీద కొట్టినట్టయింది. నోరు మూసుకున్నాను. ఏం చేయాలో తెలియక చేతులు కిందికి వదిలి నిలబడ్డాను. చప్పట్లు ఆగిపోయాయి. తోపులో కాకులు. రోడ్డు మీద లారీ హారను. అంత నిశ్శబ్దాన్ని స్టేజీ మీద అంతకుముందు నేను ఎప్పుడూ రానివ్వలేదు.

ఆ నిశ్శబ్దంలో ఒకామె స్టేజీ ఎక్కింది.

మా నాటకాల్లో అది మామూలే. తమవాడు వేషం కడితే ఇంటివాళ్లు నడుమ వచ్చి కొత్తబట్ట కప్పుతారు. మైకు పట్టుకున్న మనిషి వాళ్ల పేరు చదువుతాడు. అతనికి అలవాటుగా నోరు లేచింది: "దిగువిండ్ల సరోజమ్మగారు తమ కుమారుడు..." ఆగిపోయాడు. సరోజమ్మ కొడుకు దగ్గర ఆగలేదు. నేరుగా సింహాసనం దగ్గరికి పోయింది.

"సరిగ్గా సెప్పప్పా," అంది మైకు మనిషితో. "మా అన్నకు అని సెప్పు."

చంకలో నుంచి మడత పంచె తీసింది. "అన్నా, నీ తాంబూలాల పంచె ఇది. రెండేండ్లుగా పెట్లో ఉండాది. ఇంగ పురుగు పడతాది. కప్పుకుంటావా, లేకుంటే తోపులో దిష్టిబొమ్మకు సుట్టేసేదా?"

జనం నవ్వలేదు. చెంగల్రాయుడు పంచె వైపు చూశాడు. తాంబూలాల రోజు కప్పాలని నాలుగు మూలలకూ పసుపు పెట్టి దాచింది. ఆ పసుపు ఎండి వక్కరంగుకు తిరిగింది. ఆయన ఒక మూల వేళ్లతో పట్టుకొని నలిపాడు.

"నల్లబడిందే," అన్నాడు.

"రెండేండ్ల పసుపు ఇంకెట్లుంటాది?"

"బావ సెప్పినాడా తెమ్మని?"

"ఆయన్నడిగితే పెట్టె మీద కూర్చుంటాడు. మీ ఇద్దర్నీ ఎవురడిగినారు? నేను తెచ్చినా."

ఆయన గడ్డం ఊడి ఒక పక్క వేలాడుతోంది. సరోజమ్మ చేయి చాపి, దాన్ని మళ్లీ అతికించింది, చిన్నపిల్లవాడికి ముఖం తుడిచినట్టు.

"కప్పు," అన్నాడు.

కప్పింది. ఆయన తలెత్తి వాద్యారు వైపు చూశాడు. వాద్యారు చేయి తిత్తి మీదికి పోయింది.

ఆ పద్యం ఆయన శ్రుతి తప్పి పాడాడు. రెండుచోట్ల గొంతు జీరపోయింది, ఒక పాదం సగం మింగేశాడు. నేను ఆ పద్యం చాలామంది దగ్గర విన్నాను. అంతకంటే బాగా మళ్లీ వినలేదు.

పద్యం కాగానే నా చేయి పట్టుకొని దొరస్వామి చేతిలో పెట్టాలి. నేను చేయి చాపాను. చెంగల్రాయుడు నా చేతి వైపు చూసి, "నువ్వు కొంచెం పక్కకుండు పాపా" అన్నాడు. ముందుకొచ్చి, ఆడవాళ్లలో మూడో వరుస చూసి పిలిచాడు.

"దేవకీ, ఈడికి రా మే."

ఆ పిల్ల కదల్లేదు. పక్కనున్నవాళ్లు లేపి తోశారు. తాడు దాటి, పోలీసుల నడుమనుంచి వచ్చింది. చెంగల్రాయుడు అల్లుడి కట్లు విప్పబోయాడు. శెట్టి పడిపోకముందు వేసిన ముడి, రాలేదు. సరోజమ్మ పళ్లతో విప్పింది. లోపలి తువ్వాలు ఊడి కిరీటం దొరస్వామి కళ్ల మీదికి జారి, పాపం ఆ మనిషికి పెళ్లికూతురు కనబడలేదు. ఊరంతా అప్పుడు నవ్వింది. నవ్వుతూ ఎవరు లాగారో, నడుమ తాడు కింద పడింది.

నేను పక్కన నిలబడ్డాను. నాయిక లేకుండా ముగిసిన నాటకం నా లెక్కలో అదొక్కటే. కొంగున తలంబ్రాల బియ్యం అట్లాగే ఉంది. ముడి విప్పి దేవకి దోసిట్లో పోశాను. పొద్దున నేను ఆ పిల్లకు చేయనన్న పనికి బదులు అంతకంటే ఏమీ తోచలేదు. పొద్దు గుంకకముందే వాద్యారు మంగళం పాడించాడు. నాటకం తర్వాత నా దగ్గరికి వచ్చి, "ఊఁ, పోయి నీళ్లు తాగు" అన్నాడు.

పెళ్లిలో అడిగిన మాట

శుక్రవారానికి పలమనేరు వాళ్లకు కబురు పోయింది. కొందరు, "వేషంలో అన్న మాటే గదా" అని చెంగల్రాయుడికి నూరిపోశారట. ఆయన చేయెత్తి కంకణం చూపించి, "ఆవు పోయినప్పుడు మీరే గదప్పా ఇప్పించింది" అన్నాడట. ఆవణిలో, అంటే శ్రావణ మాసంలో పెళ్లి. నన్ను పిలిచి ముందు బంతిలో కూర్చోబెట్టారు, ఈసారి ఒకే ఇంట్లో.

నాకు కడుపులో ఒక ఆశ ఉండేది. వడ్డిస్తూ వచ్చిన చెంగల్రాయుడిని ఆపి అడిగాను: "అన్నా, నిజం చెప్పండి. ఆ రోజు నా పద్యాల్లో ఏ పద్యానికి మీ మనసు కరిగింది?"

ఆయన పాయసం గిన్నె పట్టుకొని కాసేపు ఆలోచించాడు. పాపం, నన్ను నొప్పించకూడదని నిజంగానే ఆలోచించాడు.

"నీ పద్యాలు నాకు ఒగటీ ఇనపడలేదు పాపా," అన్నాడు. "నువ్వు యప్పుడు ఆపుతావా అని సూస్తా ఉన్న్యా. నువ్వు ఆపినాక నా సెల్లెలు మెట్లెక్కే సప్పుడు ఇనిపించినాది. కాలికి ఆ మెట్టెలు నేను సేయించినవే."

పాయసం ఇంకో గరిటె వేసి వెళ్లిపోయాడు.

ఇదే మీకు చెప్పాలని ఇంతసేపు కూర్చోబెట్టాను. పద్యాలు ఎవరైనా నేర్పుతారు. గొంతు దేవుడిస్తాడు. ఎదుటి మనిషి మాట్లాడబోయే ముందు ఒక జాగా కావాలి. ఆ జాగాను మన చప్పట్లతో నింపకుండా చేతులు వదిలి నిలబడటం, అది మాత్రం నాకు ఒక వాద్యారు తిత్తి మీదనుంచి చేయి తీస్తే తెలిసింది. ఆ తర్వాత నా ఏడుపులు తగ్గాయి, నన్ను పిలిచే ఊళ్లు పెరిగాయి. ఎందుకో అప్పట్లో ఎవరికీ చెప్పలేదు.

బావి తగువు తీరిపోయిందనుకునేరు. ఆరు నెలలకు మళ్లీ లేచింది. కాకపోతే ఈసారి బావా బావమరుదులిద్దరూ ఒకే అరుగు మీద కూర్చొని తిట్టుకున్నారు. నడుమ సరోజమ్మ ఇద్దరికీ కాఫీ పెట్టింది.

గంప ఖాళీ అయినట్టుంది. ఆ గింజలు పారేయకండి, వేయించి ఇస్తాను, దోవలో నములుతూ పోవచ్చు. మీ ఇంట్లో పెట్టె అడుగున ఎవరికోసమో మడిచిపెట్టిన బట్ట ఉంటే, దాని పసుపు నల్లబడేలోపే మీ చేత్తో వాళ్ల భుజాన పడాలి. మీ గడపకు మెట్లెక్కి వచ్చేవాళ్ల అడుగుల చప్పుడు మీకు ఎప్పుడూ వినబడుతూ ఉండాలి. మీ పొయ్యి చల్లారకూడదు, మీ పిల్లలు చల్లగా ఉండాలి. పోయిరండి నాయనా, బస్సుకు వేళవుతోంది.